అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంటయ్యి

మొన్న పొద్దున్నే నా థైరాయిడ్ పరీక్ష రిపోర్టు ఫోనుకు వచ్చింది. ఈ వయసులో ఎవరైనా రిపోర్టు రాగానే ఎర్రగా కనబడే అంకెల కోసం వెతుక్కుంటారు. నేను మాత్రం అది తెరవక ముందే ఆగిపోయాను. ఫైలు మీద నా పేరు, ఇంటిపేరుతో సహా, తప్పుల్లేకుండా ఉంది. పేరు చివర బ్రాకెట్లలో ఒకటి అనే అంకె ఉంది. ఒకే పేరుతో రెండో కాగితం వచ్చి చేరినప్పుడు కంప్యూటరు తనంతట తాను పెట్టే గుర్తు అది. అంటే ఆ ల్యాబులో నా పేరుతో ఇంకో రిపోర్టు ఉందన్నమాట. అది నా పాతదే కావచ్చు, నా పేరుగల మరో మనిషిది కావచ్చు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా ముందు వయసు చూశాను, తర్వాత డాక్టరు పేరు చూశాను, రక్తం ఇచ్చిన పూట చూశాను. అన్నీ నావే. స్టవ్ తుడుచుకుంటూ, మా ఎదురింటి భాయ్‌నీ మా అక్క మనవరాలినీ ఆ ఎండాకాలాన్నీ తలుచుకున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను నరసరావుపేటలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళయి, పిల్లలు బడికి పోయే రోజుల్లో కంప్యూటరు నేర్చుకున్నాను, ఆఫీసుకు కంప్యూటర్లు వస్తున్నాయనీ అవి వాడటం రానివాళ్ళను పక్కన కూర్చోబెడతారనీ పుకారు పుట్టి. బస్టాండు దగ్గర ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉండేది ఆ నేర్పే సెంటరు. చెప్పులు మెట్ల మీదే విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. లోపల ఏసీ చల్లదనం, కొత్త ప్లాస్టిక్ వాసన, ఒక్కో కంప్యూటరుకు కుచ్చులు కుట్టిన గుడ్డ ముసుగు. దసరాకు మానిటర్లకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. ఎడ్లపాడు నుంచి, గురజాల నుంచి బస్సుల్లో పడి వచ్చే ఆడపిల్లల మధ్య నేనొక్కదాన్నే పిల్లల తల్లిని. మా సారు మొదటి వారం కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. బోర్డు మీద బీరువా బొమ్మ వేసి, అందులో అరలు వేసి, అరల్లో సంచులు వేసి, “వస్తువు ఎక్కడ పెట్టారో మీకు గుర్తుండాలి. దానికి మీరు చెప్పిందే తెలుసు, మీ మనసులో ఉన్నది తెలీదు” అని చెప్పేవారు. కరెంటు పోయినప్పుడల్లా గది మొత్తం ఒక్కసారి ఉసూరుమనేది. ఆ చీకట్లో సారు మా వరసల మధ్య తిరుగుతూ “సేవ్ చేశారా, సేవ్ చేశారా” అని, పెళ్ళిలో భోజనాలయ్యాయా అని అడిగినట్టు, ఒక్కొక్కర్నీ అడిగేవారు. చేయనివాళ్ళు మళ్ళీ మొదటినుంచి కొట్టేవాళ్ళు. అలా రెండుసార్లు మొదటినుంచి కొట్టిన మనిషి జన్మలో సేవ్ చేయడం మరిచిపోదు.

మా అక్క మనవరాలు, అంటే అక్క కూతురి కూతురు, మాచర్లలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. లాక్‌డౌన్ రోజుల్లో పాఠాలన్నీ ఫోన్లోనే విన్నది. తర్వాత కాలేజీ తెరిచినా ల్యాబు తలుపు తెరవలేదట, కంప్యూటర్లు పాతవైపోయాయని. ప్రాక్టికల్ రికార్డు మాత్రం చక్కటి చేతిరాతతో నింపింది, ఒకళ్ళది చూసి ఒకళ్ళు. మంచి మార్కులతో పాసైంది. ఉద్యోగం వెతుక్కుంటానని మా ఇంటికి వచ్చి మేడ మీద గదిలో దిగింది. ఆ పిల్లను తెలివితక్కువదంటే నా కళ్ళు పోతాయి. మా అక్కావాళ్ళ పెళ్ళిరోజు వీడియోకి పాట కలిపి, పూలు రాలేట్టు చేసి, ముసలివాళ్ళ మొహాలు మెరిపించి, నేను టీ వడకట్టి తెచ్చేలోపు చుట్టాలందరికీ పంపేసింది. ఆ వేళ్ళు ఫోను మీద పరిగెడుతుంటే వీధంతా ముచ్చటపడేది. గ్యాస్ బుకింగు మొదలు కరెంటు బిల్లు వరకు అందరూ దాన్నే పిలిచేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం బయోడేటా తయారు చేసుకుంటానని నా పాత కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పక్కనే కందిపప్పు బాగుచేసుకుంటున్నాను. తెర మీద వేలు పెట్టి పైకి తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది. “ఇది టచ్ కాదే, మౌస్ పట్టుకో” అన్నాను నవ్వుతూ. చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది, పాపం, గంటకు పైగా. అయిపోగానే గోడ స్విచ్ ఆపేసింది. సాయంత్రం మళ్ళీ పెట్టి చూస్తే ఏమీ లేదు.

“ఎక్కడ సేవ్ చేశావే?” అన్నాను.

“సేవ్ ఏంది చిన్నమ్మమ్మా? రాస్తే అదే ఉంటాదిగా?” అంది. ఆ మొహంలో వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతోంది. ఫోన్లో రాసింది ఎప్పుడూ పోలేదు కాబట్టి, దాచాల్సిన పని ఒకటి ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆ బయోడేటా ఫోన్లోనే పది నిమిషాల్లో చేసుకుంది, నేను జన్మలో చేయలేనంత అందంగా.

వారం తిరగకుండా మా పేటలోనే ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. కౌంటరులో కూర్చుని పేర్లు ఎక్కించడం, పరీక్షలయ్యాక రిపోర్టులు జనాల ఫోన్లకు పంపడం. ల్యాబు ఓనరు “కంప్యూటర్ వచ్చా?” అన్నాడట. బీఎస్సీ కంప్యూటర్స్ అన్నదట ఇది. “ఐతే ఇంకేం” అన్నాడట ఆయన. ఆ పరీక్ష అంతటితో ముగిసింది. మా అక్క సంతోషం పట్టలేక కోటప్పకొండకు వెళ్ళి, వచ్చే శివరాత్రికి చిన్న ప్రభ కట్టిస్తానని మొక్కుకుని వచ్చింది.

నెల రోజుల తర్వాత నా రక్తం ఇవ్వడానికి ఆ ల్యాబుకు వెళ్ళాను. మా పిల్ల నన్ను చూసి గర్వంగా కౌంటరు లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. దాని కంప్యూటరు తెర చూసి నేను కళ్ళద్దాలు సర్దుకున్నాను. సందు లేకుండా, ఈ మూల నుంచి ఆ మూలకు, ఫైళ్ళు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లా ఒకదాని మీద ఒకటి. “ఎవరిది ఎక్కడుందో ఎట్టా తెలుస్తదే నీకు?” అన్నాను.

“అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంటయ్యి చిన్నమ్మమ్మా. పేరు కొడితే వస్తాది. పైనుండేది కొత్తది, అది పంపేస్తా.”

రోజుకో సంచి, అంటే ఫోల్డరు, పెట్టుకోమన్నాను. పేరు పక్కన ల్యాబు నంబరు కూడా పడేట్టు చూసుకోమన్నాను. పక్కనున్న ఓనరు విని పెద్దగా నవ్వాడు. “ఈ కాలం పిల్లలకి మనం నేర్పేదేందండీ అమ్మగారూ! ఆళ్ళు పుట్టడమే నేర్చుకుని పుట్టారు” అన్నాడు. వెయిటింగులో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మా పిల్ల సిగ్గుపడి నా మోచెయ్యి గిల్లింది. నేనూ వాళ్ళతోపాటు నవ్వి రక్తం ఇచ్చి వచ్చాను.

మా ఎదురింటి భాయ్‌ది మోటార్ల వైండింగు షాపు. ఎండాకాలం వచ్చిందంటే పల్లెల నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ట్రాక్టర్ల మీద వచ్చి ఆయన గుమ్మం ముందు పోగుపడతాయి. రాగి తీగ, వార్నిషు వాసన మా వరండా దాకా వచ్చేది. మోటారును విప్పక ముందు దాని వీపు మీద తట్టి, పసిపిల్లను అడిగినట్టు “ఏందమ్మా, ఏం తిన్నావు?” అని పలకరించే మనిషి. నన్ను అక్కా అంటాడు. రంజాన్‌కు వాళ్ళావిడ పంపే సేమియా గిన్నెను మా ఇంట్లో ఖాళీగా తిప్పి పంపడం ఎన్నడూ లేదు. ఆయనకో పేరుంది. ఆ పేరుగలవాళ్ళు మా పల్నాడులో వీధికి నలుగురు ఉంటారు. ఇంటిపేరూ అంతే. మసీదు ముందు నిలబడి కేకేస్తే సగం మంది వెనక్కి తిరుగుతారని ఆయనే నవ్వేవాడు.

ఆ ఎండల్లో ఆయనకు కళ్ళు తిరగడం, పిక్కలు లాగడం మొదలైంది. డాక్టరు రక్తపరీక్ష రాశాడు. మా పిల్ల ఉన్న ల్యాబులోనే ఇచ్చాడు. సాయంత్రానికి ఫోనుకు రిపోర్టు వచ్చింది, చక్కెర చూస్తే భయపడేంత ఎక్కువ. ఆ ఎర్ర అంకెను వేళ్ళతో పెద్దది చేసి వీధిలో అందరికీ చూపించాడు. డాక్టరూ ఆ ఫోన్లోనే చూసి గట్టి మాత్రలు రాశాడు. వాళ్ళావిడ ఆ రోజు నుంచే అన్నం మానిపించి, చాయ్‌లో చక్కెర తీసేసి, జొన్నరొట్టె ఒకటి మాత్రం పెట్టేది. భయానికి ఆయన అదీ సగమే తినేవాడు. రోజురోజుకూ మనిషి వాడిపోయాడు. చెమటలు, చేతి వణుకు. తీగ చుట్టేటప్పుడు లెక్క తప్పుతోందని నా దగ్గర వాపోయాడు. “మందు పట్టడానికి టైం పడతదిలే భాయ్” అని వీధిలో అందరూ ధైర్యం చెప్పారు. ఆయన బుద్ధిగా తల ఊపి, వేళ తప్పకుండా మాత్ర వేసుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కువ భయం వేసేది ఆయన అంత బుద్ధిగా ఉండటానికే.

ఒక రోజు పదకొండు గంటల ఎండలో వాళ్ళావిడ కేక విని పరిగెత్తాను. షాపులో నేల మీద పడున్నాడు, చేతిలో రాగి తీగ అలాగే ఉంది. చొక్కా మొత్తం తడిసిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వేలు పొడిచి చూసి, చక్కెర పూర్తిగా పడిపోయిందని, సెలైనులో ఏదో కలిపి ఎక్కించాడు. పాత రిపోర్టు అడిగితే వాళ్ళావిడ ఫోను తీసి ఆ ఎర్ర అంకె చూపించింది. ఆ డాక్టరు రెండు వేళ్ళతో తెర మీది కాగితాన్ని చిన్నది చేసి పైభాగం చూశాడు.

“ఈయన వయసెంతమ్మా?”

“యాభై రెండు.”

“ఇందులో అరవై మూడుంది. ఇది ఈయన రిపోర్టు కాదు.”

అప్పటిదాకా ఆ కాగితాన్ని ఎంతమంది చూశామో! అందరం అంకెనే పెద్దది చేసుకుని చూశాం. పై వరస ఎవరి కంటా పడలేదు. వాళ్ళావిడ గోడకు చేరబడి ఏడుస్తోంది. గంట గడిచాక భాయ్‌కి తెలివొచ్చింది. జరిగింది చెప్పాం. కోప్పడతాడేమో అనుకున్నాను. “అక్కా, మరి నాది ఎవరికి పోయింది?” అన్నాడు. ఆ మాట వినగానే సంచి తీసుకుని ఆటో కోసం బయటికి పరిగెత్తాను.

ల్యాబుకు వెళ్ళి చెప్పేసరికి మా పిల్ల మొహం సున్నం కొట్టినట్టయింది. వెతికితే తేలిందిది: ఆ పొద్దున ఒకే పేరుగలవాళ్ళు ఇద్దరు వచ్చారు. కంప్యూటరు రెండో రిపోర్టు పేరు పక్కన ఒకటి వేసుకుని ఊరుకుంది. మా పిల్ల పేరు కొట్టి, పైనున్నది భాయ్‌కి పంపి, మిగిలింది రెండో ఆయనకు పంపింది. రెండూ తారుమారు. రెండో ఆయన నంబరుకు చేస్తే పలకదు. ఓనరు గొంతు తగ్గించి, “పెద్దది చెయ్యబాకండి. బాగలేకపోతే ఆయనే వస్తాడు గదా” అన్నాడు. మా పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, “ఆయన రాడు సార్. బాగుందని పంపాంగా” అంది. దానికొక సంగతి గుర్తుంది. పెద్దాయన పాదానికి తువ్వాలు చుట్టుకుని కుంటుతూ వస్తే తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టింది. గురజాల అవతల నుంచి వచ్చానని, బస్సు తప్పిపోతుందని, తొందరగా చూడమని బతిమిలాడాడట.

భాయ్ ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే బయల్దేరతానన్నాడు. వాళ్ళావిడ తిట్టింది. వినలేదు. “నా పేరు పెట్టుకుని ఒక మనిషి నా కాయితం జేబులో ఏసుకుని తిరగతన్నాడు. నేనెట్టా పడుకునేది?” అన్నాడు. ఆయనా, నేనూ, మా పిల్లా గురజాల బస్సెక్కాం. దారంతా నాపరాళ్ళ నేల, కల్లాల్లో ఎర్రగా మిరప, కిటికీలోంచి కొట్టే ఘాటు. ఆ పిల్ల ఫోను సంచిలో వేసి జిప్పు పెట్టేసింది. అది ఫోను లేకుండా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. గురజాలలో దిగి, రిపోర్టు మీదున్న డాక్టరు పేరు పట్టుకుని, పెద్దాయన్ను పరీక్షకు పంపిన ఆ డాక్టరును వెతికితే ఊరి పేరు చెప్పాడు. ఆటో మాట్లాడుకుని వెళ్ళాం.

ఇల్లు కనబడక ముందే వాసన వచ్చింది. రేకుల వసారాలో నులకమంచం మీద కూర్చున్నాడు పెద్దాయన. కాలికి గుడ్డ, గుడ్డ చుట్టూ ఈగలు. భాయ్ తన పేరు చెప్పగానే మొహం విప్పారింది. “నా పేరోడివా! రా, కూర్చో” అని మంచంలో జరిగాడు. భార్యను చాయ్ పెట్టమన్నాడు. ఎందుకొచ్చామో చెప్పేలోపు తనే ఫోను తీసి మాకు రిపోర్టు చూపించాడు. “చానా భయపడ్డాను. మా నాయన షుగరుతోనే పోయాడు. నాకేం లేదంట, చూడు. అందుకే ఈ పుండుకి ఇంట్లోనే పసుపు, ఆకు పసరు ఏస్తన్నాం. దానికదే మాంతది.” పరీక్ష బాగుందని ఆ రోజు గురజాలలో దిగి మిఠాయి కొని పిల్లలందరికీ పంచాడట. తనూ తిన్నాడట.

మా పిల్ల మంచం దగ్గర కింద కూర్చుంది. ఎలా చెప్పిందో ఆ మాటల వరస నాకు గుర్తులేదు. పెద్దాయన చివరిదాకా విన్నాడు. ఫోను వంక చూశాడు, భాయ్ వంక చూశాడు. తర్వాత నిదానంగా అడిగాడు.

“అది నాది కాదని ఆ కంప్యూటరుకి తెలవదా అమ్మా?”

“తెలవదు తాతా,” అంది మా పిల్ల. “నాకూ తెలవదు.”

ఆ రోజే గుంటూరు తీసుకెళ్ళాం. అప్పటికే ఆలస్యమైపోయింది. పాదమే పోతుందనుకుంటే మోకాలి కింద నుంచి తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగితే మనిషే దక్కేవాడు కాదన్నారు. పెద్దాయన ఎవరి మీదా ఫిర్యాదుకు పోలేదు. ఆయన కొడుకు మాత్రం ఒకరోజు ల్యాబుకు వచ్చి అద్దాలు పగలగొట్టి వెళ్ళాడు. ఓనరు కొత్త అద్దాలు పెట్టించాడు. మా పిల్ల ఉద్యోగం మానేసి, వానలు పడే దాకా ఆ మేడ మీద గదిలోనే ఉంది. అన్నానికి పిలిస్తే వచ్చేది, మళ్ళీ వెళ్ళిపోయేది. ఒక రోజు దానంతట అదే దిగి వచ్చి నా పాత కంప్యూటరు ముందు కూర్చుని, “ఫైలంటే ఏందో మొదటినుంచి చెప్పు చిన్నమ్మమ్మా” అంది. చెప్పాను. ఎక్కడ ఉంటుంది, పేరెందుకు పెట్టాలి, రెండు పేర్లు ఒకటైతే ఏమవుతుంది, పోయినదాన్ని ఎలా వెతకాలి. వారం రోజులు కూడా పట్టలేదు. అంతా వచ్చేసింది. ఆఖరి రోజున అది కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది. “ఇంతేనా?” అంది. “ఇంతే అయితే ఎవురూ చెప్పలేదేంది మాకు?” మీకు వచ్చనుకున్నాం అని ఎలా చెప్పను?

పెద్దాయన అప్పుడప్పుడు కర్రల సాయంతో మా పేటకు వస్తాడు. భాయ్ షాపు ముందు కుర్చీలో కూర్చుని మోటార్ల చప్పుడు వింటూ చాయ్ తాగుతాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పేరుతోనే పిలుచుకుని నవ్వుకుంటారు. భాయ్ ఇప్పుడు బ్యాంకుకు వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా పేరు కంటే ముందు వయసు చెబుతాడు. ఎదుటివాళ్ళు వింతగా చూస్తారు. మా అక్క మనవరాలు విజయవాడలో ఏదో ఆఫీసులో చేస్తోంది. తన పక్కన పనిచేసే పిల్లలందరికీ సేవ్ చేయడం నేర్పుతున్నానని ఫోన్లో చెబుతుంది. వాళ్ళు వింటున్నారా అంటే మాట మార్చేస్తుంది.

మొన్న రక్తం ఇవ్వడానికి వెళ్ళిన ల్యాబు కూడా అదే. ఇంటికి దగ్గర, ఇంకెక్కడికి పోను? కౌంటరులో మరో అమ్మాయి ఉంది, ఇంకా చిన్నది, చురుకైనది, నన్ను అమ్మమ్మా అని నోరారా పిలిచింది. ఓనరు నన్ను చూసి మొదట తడబడ్డాడు, తర్వాత కొత్త మిషను చూపించాడు. “ఇప్పుడు పేరు కూడా కొట్టక్కర్లేదండీ. నోటితో చెబితే చాలు, అదే ఎతికి అదే పంపేస్తది. మా వాళ్ళకి ఏదీ తెలియాల్సిన పన్లేదు” అన్నాడు. ఆ అమ్మాయి మిషను దగ్గరికి వంగి ఎవరిదో పేరు చెప్పింది. ఏదో ఎవరికో వెళ్ళిపోయింది. ఆమె తల ఎత్తి చూడను కూడా లేదు. అక్కడ బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళందరూ ఫోన్లు చేతిలో పట్టుకుని తమ తమ అంకెల కోసం ఎదురుచూస్తున్నారు.

ఒక తరం కష్టపడి నేర్చుకున్నది వెనకొచ్చేవాళ్ళకు ఊరికే వస్తుందని అందరం నమ్మిన కొద్ది కాలంలోనే అది చేజారిపోయింది. ఏ రోజున పోయిందని అడిగితే చెప్పగలిగేవాళ్ళు లేరు, ఎందుకంటే ఆ రోజు కూడా మిగతా రోజుల్లాగే తెల్లవారింది.